మడతలో మనిషి

ట్రే బాగుంది. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే ఒక గొడవ వదులుతుంది. నున్నగా పాలిష్ పట్టిన చెక్క, రెండు పక్కలా ఇత్తడి పిడులు, అడుగున అద్దం, అద్దం కింద అత్తగారు ఊలుతో కుట్టిన బొమ్మ. గురువారం సాయంత్రం మరిది దాన్ని అట్టపెట్టెలోంచి తీసి భోజనాల బల్ల మీద పెట్టగానే అందరూ "అబ్బ!" అన్నారు. గిన్నెలు తోముకుంటున్న పెద్దకోడలు సబ్బు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, ఆ అబ్బ ఏదో అందరికంటే కాస్త గట్టిగానే అంది.

తర్వాత వంగి తన కోసం వెతుక్కుంది.

దాంట్లో తప్పేముంది? నలుగురున్న ఫోటో చేతికిస్తే ఎవరైనా ముందు తమ మొహమే వెతుక్కుంటారు. అత్తగారు కుట్టింది వాళ్ళ ఇల్లు, ఇంటి ముందు ఇంటిల్లిపాదీ. సరిగ్గా మధ్యలో, గుమ్మానికి ఎదురుగా, నడుం మీద చెయ్యి వేసుకుని మరిది. పక్కన నీలం బట్టల్లో తోడికోడలు. కుర్చీలో అత్తగారు. ఆవిడ వెనకాల పెద్దకొడుకు, అంటే పెద్దకోడలి మొగుడు, ఎప్పటిలాగే మెడ కాస్త పక్కకి వాల్చి. మెట్ల మీద పిల్లలు. ఎడమ చివర మరిది స్కూటరు, హెడ్‌లైటుతో సహా. గోడ మీద పిల్లి. అది వీళ్ళ పిల్లి కూడా కాదు, పక్కింటివాళ్ళది, పాలగిన్నె కోసం వచ్చి పోయేది. దానికి కూడా రెండు కళ్ళూ, మీసాలూ దిద్దారు. ఇక కుడి చివర కుళాయి, కుళాయి కింద బకెట్టు, బకెట్టు మీదికి వంగి పెద్దకోడలు ఉండాలి.

కుళాయి సగమే ఉంది. దాని తల చెక్క అంచుకి ఆనుకుని ఆగిపోయింది. నీళ్ళు లేవు, బకెట్టు లేదు, తను లేదు.

అద్దం మీద లైటు పడి కనిపించట్లేదేమోనని ఆమె ట్రేని అటూ ఇటూ తిప్పి చూసింది. పాపం, అలా అనుకోవడానికి కూడా ఒక మంచితనం కావాలి.

"ఇక్కడ నేనుండాలి కదా?"

తోడికోడలు పక్కకొచ్చి వంగింది. "అవునక్కా. ఆ వైపు కాస్త ఎక్కువొచ్చింది. రెడీమేడ్ ట్రే కదా, వాళ్ళ సైజు వాళ్ళది. మన కోసం సాగదు. అందుకని అటు మడిచారు."

"మడిచారా?"

"అయ్యో, కొయ్యలేదక్కా! ఒక్క పోగు కూడా కొయ్యనివ్వలేదు నేను. వెనక్కి మడిచి అట్టకి కుట్టించాను. మీరు మడతలో ఉన్నారు. ఎక్కడికీ పోలేదు."

మడతలో ఉన్నారట! ఈ మాట ఎంత తేలిగ్గా అందంటే, పెట్టెలో గొడుగుంది, బీరువాలో దుప్పటుంది అన్నట్టు అంది. పెద్దకోడలు తలెత్తి అత్తగారి వైపు చూసింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాగా వచ్చింది, బాగా వచ్చింది" అన్నారు. కిటికీ వైపు చూస్తూ అన్నారు.

మరిది, తోడికోడలు ఆదివారం కొత్త ఫ్లాటులోకి మారుతున్నారు. అక్కడి హాల్లో టీపాయ్ మీద పెట్టుకోమని అత్తగారిస్తున్న కానుక ఇది. అందరూ భోంచేసే బల్ల మీదే ఆ రాత్రికి ట్రేని ఉంచారు. దాన్ని పక్కకి జరిపి కంచాలు పెట్టిందీ పెద్దకోడలే, భోజనాలయ్యాక బల్ల తుడిచి మళ్ళీ మధ్యకి జరిపిందీ పెద్దకోడలే.

మర్నాడు పొద్దున మొగుడు గడ్డం గీసుకుంటుంటే వెనకాలే వెళ్ళి నిలబడింది.

"చూశారా ఆ ట్రే?"

"చూశాను. బావుంది."

"నేను లేను అందులో."

ఆయనకి ఇంట్లో 'పోనీలే' అని పేరు. చిన్నప్పుడు తమ్ముడు పెట్టాడు, ఇప్పుడు బంధువులంతా అదే వాడతారు. పేరు పెట్టినవాడికి మెచ్చుకోలుగా ఏదైనా ఇవ్వాలి, అంత సరిగ్గా కుదిరింది. ఆయన బుగ్గ లాగిపట్టి కత్తి నడుపుతూ అద్దంలోంచే ఆమెని చూశాడు.

"పోనీలే. నేను కనిపిస్తున్నానుగా. మనిద్దరం ఒకటే కదా."

"మరైతే మిమ్మల్నే మడవాల్సింది. నేను కనిపిస్తే మీరు కనిపించినట్టేగా?"

ఆయన నవ్వాడు. జోకు అనుకున్నాడు. బుగ్గ మీద చిన్న గాటు పడితే, దూది కోసం ఆమె వైపే చెయ్యి చాపాడు. ఆమె దూది ఇచ్చింది. ఇచ్చాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం, ఇంటి పని ఓ కొలిక్కి రాగానే, అత్తగారికి మొద్దు సూదులు కావాలన్న వంక పెట్టుకుని ఆమె ఫ్రేముల షాపుకి బయల్దేరింది. వంక ఎందుకంటే, ఆ ఇంట్లో పెద్దకోడలు ఊరికే బయటికి వెళ్ళిందంటే నలుగురూ నాలుగు ప్రశ్నలేస్తారు. దారిపొడుగునా ఆ షాపావిడతో ఎలా పోట్లాడాలో మనసులో కూడబలుక్కుంటూనే నడిచింది. మనిషిని మడిచేముందు ఒక్కమాట అడగాలని తెలీదా మీకు? అనాలి. కుళాయిని సగంలో ఆపడం ఏం పనితనమండీ? అనాలి. కోపం తోడికోడలి మీద కూడా ఉంది. కానీ తోడికోడలితో పోట్లాడితే ఇంట్లో అందరూ వింటారు, షాపావిడతో అయితే ఆ బెడద లేదు.

షాపు ఇరుకు. ఆ చివర నుంచి ఈ చివర దాకా అరల్లో అన్నీ ఖాళీలున్న వస్తువులే. మూత మీద గుంట తీసిన చెక్కపెట్టెలు, మధ్యలో ఏమీ లేని గోడ గడియారాలు, మెత్త లేని పీటలు, చేతిఅద్దాలు, కళ్ళజోడు పెట్టెలు. కుట్టు తెచ్చుకున్నవాళ్ళు తమ కుట్టుకి సరిపోయే ఖాళీ వెతుక్కుని బిగించుకుపోవాలి. బల్ల వెనక ఫ్రేములావిడ తడిపిన కాన్వాసు గుడ్డ ఒకటి పలక మీద పరిచి, అంచుల్లాగి సూదులు గుచ్చుతోంది. ఊలు కుట్టు కుట్లన్నీ ఒకే వాలులో పడతాయి కాబట్టి పూర్తయ్యేసరికి గుడ్డ ఒక పక్కకి ఒరిగిపోతుంది. దాన్ని తడిపి, లాగి, నాలుగు మూలలూ సమానం చేసి ఆరబెడితేగానీ ఏ వస్తువులోనూ ఇమడదు. ఆవిడ పంటి కింద ఇంకో నాలుగు సూదులున్నాయి.

పెద్దకోడలు కూడబలుక్కున్నదంతా ఒక్క ఊపిరిలో అనేసింది.

ఫ్రేములావిడ నోట్లో సూదులు తీసి డబ్బాలో వేసింది. "ఇత్తడి పిడుల ట్రే కదూ? కుళాయి దగ్గర వంగి ఉన్నది మీరా?"

"నేనే."

"నా మీదికొచ్చి లాభం లేదమ్మా. ఆ బొమ్మకి సరిపోయే ట్రే నా దగ్గరుంది. అదిగో, పైన. కానీ దానికి ఇత్తడి పిడులుండవు, చెక్కనే తొలిచి చెయ్యి దూరేట్టు చేశారు. మీ చిన్నావిడకి పిడులే నచ్చాయి. సరే, నాకెందుకు? రెండు చివరలా సమానంగా మడుస్తాను, స్కూటరు చక్రం కొంచెం, కుళాయి మనిషి చెయ్యి కొంచెం పోతాయి, మిగతా అంతా కనిపిస్తుంది అన్నాను. కాదంటే స్కూటరు వైపే మొత్తం మడుస్తాను, మనిషి ఉంటుంది అన్నాను. ఆమెకీ ఎటూ తేలలేదు. మీవాళ్ళ సంగతి మీకే తెలుస్తుందని ఇంటికి ఫోన్ చేసి అడగమన్నాను."

"ఎవరికి చేసింది?"

"ఇంకెవరికి, కుట్టినావిడకే. స్పీకర్‌లో పెట్టింది, నేనూ విన్నాను." ఆవిడ చెప్పనా వద్దా అని ఆలోచించినట్టుంది, కానీ అప్పటికే నిందపడి ఉంది కదా, చెప్పేసింది. "కుళాయి వైపు మడిచెయ్యండి, అది ఏమీ అనుకోదు, అన్నారు పెద్దావిడ."

పెద్దకోడలు పై అరలో ఉన్న ఆ పిడుల్లేని ట్రేని చూసింది. ఇందాకటి దాకా గుండెల నిండా ఉన్న పోట్లాట అంతా ఎటు పోయిందో పోయింది. పోట్లాడడానికి ఈ షాపులో మనిషే లేదు. తోడికోడలు చెప్పిందీ నిజమే, ఒక్క పోగు కోయనివ్వలేదు, తన అంతట తాను మడవనూ లేదు. పైగా అత్తగారి పేరు బయటపెట్టకుండా నింద తన మీదే వేసుకుంది.

"ఇంకేమైనా కావాలామ్మా?" అంది ఫ్రేములావిడ.

"ఆ. సూదులు. మొద్దువి. కన్ను పెద్దగా ఉన్నవి."

ఇంటికి నడుస్తూ ఆమె ఆ మాటే నములుకుంది. ఏమీ అనుకోదు. కుదురైన మనిషి, నెమ్మదస్తురాలు అని పొగడ్త కింద చెప్పుకుంటారే, అదే మాట. ఆ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినలేదు! కారులో చోటు చాలకపోతే పెద్దది బస్సులో వస్తుందిలే, అదేమీ అనుకోదు. బస్సెక్కేటప్పుడు వంటపాత్రల సంచి కూడా ఆమె చేతికే. చుట్టాలొస్తే గది ఖాళీ చేసేది ఎవరు? అదేమీ అనుకోదు. కూర అడుగంటితే ఆ అడుగు ఎవరి కంచంలోకి? అప్పుడైతే ఎవరూ ఏ మాటా అనను కూడా అనరు, గరిటె దానంతటదే అటు తిరుగుతుంది. ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు, అది నిజం. అనకపోతే అనుకోనట్టేనా? ఇదెక్కడి న్యాయం! నోరు మూసుకున్న మనిషికి లోపల ఇంకేమీ ఉండదని ఎవరు చెప్పారు వీళ్ళకి?

అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒడిలో కొత్త గుడ్డ ఉంది, చెల్లెలికిద్దామని కళ్ళజోడు పెట్టె మూత కోసం మొదలుపెట్టిన చిన్న పువ్వు. గుడ్డని నాలుగు మడతలు పెట్టి నడిమధ్యన పెన్సిల్‌తో చుక్క పెట్టుకున్నారు. ఈ కుట్టు ఎప్పుడూ నడిమధ్యనే మొదలవుతుంది. అక్కణ్ణించి చుట్టూ పెంచుకుంటూ పోతారు. ఇంటి బొమ్మ కుట్టినప్పుడూ అంతే. చుక్క దగ్గర చిన్నకొడుకు పుట్టాడు, అతని పక్కన మిగతావాళ్ళు, ఆ తర్వాత గోడలూ మెట్లూ స్కూటరూ పిల్లీ. గళ్ళ కాగితం మీద గీసుకున్నదంతా అయిపోయాక, కుడివైపు గుడ్డ ఇంకా మిగిలుందని కుళాయి పెట్టి, ఆ కుళాయి దగ్గర పెద్దకోడల్ని నిలబెట్టారు.

"వచ్చావా? సూదిలో ఊలు ఎక్కించు తల్లీ. ఆ ఆకుపచ్చది. కన్ను ఆనడం లేదు."

పెద్దకోడలు కింద మెట్టు మీద కూర్చుంది. ఊలు కొసని సూది మీదుగా మడిచి, వేళ్ళ మధ్య బిగించి నొక్కి, సూది లాగేసి, ఆ నొక్కిన మడతనే కన్నులోకి తోసింది. విడి కొస అయితే చీలికలైపోయి సతాయిస్తుంది, ఇలా అయితే ఒక్క దెబ్బలో దూరిపోతుంది. ఇంటి బొమ్మకి పట్టిన ఊలంతా ఇలాగే ఆమె వేళ్ళ మధ్యనుంచే వెళ్ళింది. మరిది చొక్కా, తోడికోడలి నీలం, పిల్లి మీసాలకి ఒంటి పోగు. ఒకరోజు అత్తగారు నల్లది కాదు, గోధుమరంగు కలిసిన నల్లది కావాలంటే ఊలు బుట్ట అడుగు దాకా వెతికి తీసి ఎక్కించింది. అది తన జుట్టు ముడికని అప్పుడు తెలీదు. వంగి ఉన్న మనిషి కాబట్టి మొహం రాలేదు. ముడీ, వీపూ, బకెట్టు పట్టుకున్న చెయ్యీ వచ్చాయి. అయినా ఆమె ఎంత మురిసిపోయిందో! పని మధ్యలో వచ్చి రెండు మూడుసార్లు చూసుకుని వెళ్ళింది.

"ఏంటలా ఉన్నావు?" అన్నారు అత్తగారు.

ఇదిగో, అడిగారు. ఆవిడంతట ఆవిడే అడిగారు. ఎదురుగా తలుపు బార్లా తెరిచారు.

"ఏం లేదు."

చెంప పగలగొట్టాలి ఈ 'ఏం లేదు'ని! కానీ అది ఏళ్ళ తరబడి ఆ నాలుక మీద కాపురం ఉన్న మాట. ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

"ఆదివారం నువ్వు కాస్త ముందే వెళ్ళు. చిన్నదానికి ఆ వంటిల్లు కొత్త. వంటా అదీ నువ్వు చూసుకుంటే అది చుట్టాల్ని చూసుకుంటుంది" అన్నారు అత్తగారు, పచ్చ ఊలుతో మొదటి కుట్టు వేస్తూ.

"సరే" అని లోపలికి వెళ్ళి, పెద్దకోడలు ఆ సాయంత్రం గిన్నెలన్నీ కాస్త చప్పుడు చేస్తూ సర్దింది. ఎవరూ పట్టించుకోలేదు. గిన్నెలన్నాక చప్పుడవుతాయనుకున్నారు.

ఆదివారం పొద్దున్నే ఆమె బస్సెక్కి కొత్త ఫ్లాటుకి చేరింది. తాళంచెవి ముందురోజే చేతికిచ్చారు. వంటింట్లో సామాన్లన్నీ ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పెట్టెలు విప్పి, అరలు తడిగుడ్డతో తుడిచి, రోజూ వాడేవి చేతికందేట్టూ, ఎప్పుడో వాడేవి పై అరల్లోనూ పెట్టింది. పప్పులు ఒకవైపు, పొడులు ఒకవైపు. ఇంటావిడ వచ్చేసరికి వంటిల్లు నిన్నామొన్నటి నుంచి కాపురమున్నట్టు తయారైంది. ఎందుకంటే పని చెడగొట్టి కోపం తీర్చుకోవడం ఆమెకి చేతకాదు. అన్నం పలుకు చెదరకుండా వార్చింది. కూరలో ఉప్పు సరిగ్గా పడింది.

చుట్టాలు దిగారు. గదులన్నీ చూశారు. బాల్కనీలోంచి తొంగి చూసి గాలి బాగా వస్తోందన్నారు. భోజనాలయ్యాయి. అందరూ హాల్లో సోఫాల్లో, కుర్చీల్లో కుదురుకున్నారు. అత్తగారూ, ఆవిడ చెల్లెలు పిన్నిగారూ పక్కపక్కన కూర్చున్నారు. పోనీలే మూలన ఒక ప్లాస్టిక్ కుర్చీలో మెడ వాల్చి కూర్చున్నాడు.

తోడికోడలు వంటింట్లోకి వచ్చింది. మొహం సంతోషంతో వెలిగిపోతోంది, అది ఆమె తప్పు కాదు. "అక్కా, టీ ఆ ట్రేలోనే తెస్తారా? అందరూ చూస్తారు."

పెద్దకోడలు ఆమె మొహంలోకి చూసింది. "నేనా?"

"మీ చేతిలో అయితే ఒలకదు. నాకు వణుకు."

ఎవరికైనా చెప్తే నమ్మరు. తనని మడిచేసిన ట్రేని తనే మొయ్యాలి. ఆమె టీ వడకట్టి కప్పుల్లో పోసి, అద్దం మీద కప్పులు సర్దింది. ఒక్కో కప్పూ ఒక్కో మొహాన్ని కప్పేసింది. ఇత్తడి పిడులు పట్టుకుని లేపితే చల్లగా, గట్టిగా, చేతికి బాగా అమిరాయి. వాటిని చూస్తే ఇంకా మంట పుట్టింది.

హాల్లో పిన్నిగారి ముందు మొదట వంగింది. పిన్నిగారు కప్పు తీయగానే అత్తగారి బొమ్మ బయటపడింది. "ఓసోస్, ఇది నువ్వే కదే అక్కా!" అన్నారు. ఇక అదే ఆటయింది. కప్పు తీసినకొద్దీ ఒకరు బయటపడుతున్నారు. ఇదిగో చిన్నాడు. ఇదిగో పిల్లలు. ఇదిగో మన పోనీలే, మెడ చూడండి, అచ్చం! స్కూటరు మీద కప్పు తీసినవాళ్ళు హెడ్‌లైటుని మెచ్చుకున్నారు. పిల్లిని చూసి అందరూ పడీపడీ నవ్వారు. పెద్దకోడలు ఒక్కొక్కరి ముందూ వంగుతూ, లేస్తూ తిరిగింది. చివరికి ట్రేలో ఒక్క కప్పు మిగిలింది, కుడి అంచున.

పిన్నిగారు కళ్ళజోడు సర్దుకుని అడిగారు. "అందరూ ఉన్నారు గానీ, పెద్దకోడలు ఏదే? ఆ కుళాయేంటి, సగంలో ఆగిపోయింది?"

"అక్క మడతలో ఉన్నారు పిన్నిగారూ" అంది తోడికోడలు. అని, కాస్త ఇబ్బందిగా నవ్వింది.

"వదిన ఎక్కడికి పోతుంది? ట్రే మోస్తోందిగా!" అన్నాడు మరిది.

హాలంతా నవ్వింది. అంత పెద్ద నవ్వు ఆ కొత్త ఇంట్లో అదే మొదటిది. దుర్మార్గం కాదు వాళ్ళది, నవ్వొచ్చింది నవ్వారు. దుర్మార్గమైతే కనీసం మొహం మీద అడగొచ్చు.

"పాపం, బాధపడదుటే?" అన్నారు పిన్నిగారు.

"అది ఏమీ అనుకోదు. నాకు తెలీదూ!" అన్నారు అత్తగారు, టీ ఊదుకుంటూ.

"అనుకుంటానత్తయ్యా."

గట్టిగా కూడా అనలేదు. ట్రే చేతుల్లోనే ఉంది, నిలబడే ఉంది. కానీ ఆ గొంతు ఆ నోట్లోంచి అలాంటి మాట ఎప్పుడూ తేలేదేమో, నవ్వులు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. అత్తగారు ఊదడం ఆపారు.

"పోనీ..." అన్నాడు మూలనుంచి మొగుడు.

ఆమె అటు తిరిగి చూసింది. ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు. బహుశా జన్మలో మొదటిసారి.

"అనుకుంటాను" అంది మళ్ళీ. "మొన్న ట్రే చూసిన దగ్గర్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. షాపుకి కూడా వెళ్ళొచ్చాను. స్కూటరు వైపు మడిచినా సరిపోయేదట కదత్తయ్యా. స్కూటరైతే నిజంగానే ఏమీ అనుకునేది కాదు. నేను అనుకుంటాను. బస్సులో పాత్రల సంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చినప్పుడూ అనుకున్నాను. అడుగంటిన కూర తిన్నప్పుడూ అనుకున్నాను. అనలేదు, అంతే."

"ఇప్పుడు ఆ కూర గోలెందుకు వదినా..." అని మరిది ఏదో అనబోతే, పిన్నిగారు "నువ్వుండరా" అన్నారు.

పెద్దకోడలు ట్రేని టీపాయ్ మీద పెట్టింది. తన కప్పు తీసుకుంది. సోఫాలో ఇద్దరు చుట్టాల మధ్య కాస్త చోటుంటే, "కొంచెం జరగండి" అని కూర్చుంది. కాళ్ళు నొప్పెడుతున్నాయని అప్పుడు తెలిసింది. టీ తాగడం మొదలుపెట్టింది.

ఎవరో ఇంకాస్త టీ దొరుకుతుందా అన్నారు, మాట మార్చడానికి. అందరూ అలవాటుగా పెద్దకోడలి వైపే చూశారు. ఆమె లేవలేదు. తోడికోడలు గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళింది. అరలు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు, మళ్ళీ తీసిన చప్పుడు. కాసేపటికి గుమ్మంలో తల కనిపించింది.

"అక్కా, పంచదార ఎక్కడుంది?"

"అక్కడే ఉంది. వెతుక్కో. ఎక్కడికీ పోలేదు."

తోడికోడలి మొహం ఎర్రబడింది. తలాడించి లోపలికి వెళ్ళింది. ఈసారి అరలు నెమ్మదిగా తెరిచింది.

అత్తగారు కప్పు పక్కన పెట్టారు. ఆవిడ చెయ్యి కుర్చీ చేతి మీద అటూ ఇటూ కదిలింది. "ఎవరో ఒకరు మడతలోకి పోక తప్పదు కదే" అన్నారు, ఎవరికి చెప్తున్నారో తెలీకుండా. "చిన్నాడు స్కూటరు లేకపోతే మొహం మాడ్చుకుంటాడు. ఇల్లు వాళ్ళది, ట్రే వాళ్ళది. నువ్వైతే..."

"నేనైతే?"

అత్తగారు చెప్పడానికేముంది? హాలంతటికీ తెలిసిన జవాబే. పెద్దకోడలు చూపు తిప్పుకోలేదు. ఇదివరకైతే ఆవిడకి ఇబ్బందవుతుందని తనే నేల వైపు చూసేది.

"ఆ ట్రే ఇటివ్వండి" అన్నారు అత్తగారు చివరికి.

లేచినవాడు పోనీలే. ట్రే తెచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని బోర్లించాడు. వెనకాల చెక్కపలకని చుట్టూ చిన్న చిన్న రేకు నాలుకలు వంచి బిగించారు. జేబులోంచి తాళంచెవి తీసి, ఒక్కొక్కటే పైకి లేపడం మొదలుపెట్టాడు. ఒకటి వేలికి గీసుకుంది. ఈసారి దూది కోసం ఎవరివైపూ చూడలేదు. వేలు నోట్లో పెట్టుకుని, తీసి, మిగతావి లేపాడు. "అరె, కొత్త ట్రే అన్నయ్యా" అన్నాడు మరిది. అన్నయ్య వినిపించుకోలేదు.

పలక వచ్చింది. దాని వెనక అట్ట, అట్ట చుట్టూ గుడ్డ అంచుల్ని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు లాగి బిగించిన దారం. ఫ్రేములావిడ పని గట్టిది. అత్తగారు కత్తెర అడగలేదు. ముడి ఎక్కడుందో వేళ్ళతో తడిమి పట్టుకుని, గోటితో విప్పి, దారాన్ని ఒక్కో కుట్టులోంచీ బయటికి లాగారు. చాలాసేపు పట్టింది. చుట్టాలు కదలకుండా చూశారు. తోడికోడలు రెండో విడత టీ తెచ్చి, గుమ్మంలోనే గిన్నెతో నిలబడిపోయింది.

దారం మొత్తం వచ్చేశాక అత్తగారు ఆ అంచుని పట్టుకుని మడత విప్పారు. కుళాయి పూర్తయింది. నీళ్ళు వచ్చాయి. బకెట్టు వచ్చింది. బకెట్టు మీదికి వంగిన పెద్దకోడలు వచ్చింది. వెనక మళ్ళీ లోపలికి మడిచి కుట్టిన రెండో మడత సరిగ్గా ఆమె వీపు మీదుగా పోయింది. పైనుంచి కింద దాకా ఊలు అణిగిపోయి, కుట్లు నొక్కుకుపోయి, ఒక గీత పడింది. మిగతా బొమ్మలో అందరూ ఉబ్బెత్తుగా, నిండుగా ఉన్నారు.

అత్తగారు గుడ్డని ఒడిలో పరుచుకున్నారు. అరచేత్తో ఆ గీత మీద రుద్దారు. వేలికొసతో కుట్లని పైకి గీరారు. మళ్ళీ రుద్దారు. ఊలు లేవలేదు.

"ఇలా రావే" అన్నారు. పెద్దకోడలు కప్పు కింద పెట్టి వెళ్ళి పక్కన నిలబడింది. ఆవిడ తలెత్తారు. కళ్ళజోడు వెనకాల కళ్ళు తడిగా ఉన్నాయి. "ఈ మడత పోతుందంటావా?"

ఇలాంటి ప్రశ్నకి ఆ ఇంట్లో జవాబెప్పుడూ సిద్ధంగా ఉండేది. ఎవరేం పాడుచేసినా, ఎవరికేం బాధొచ్చినా, పోతుందిలెండి అత్తయ్యా, నేను చూసుకుంటాగా, అనేది పెద్దకోడలే. ఆ మాట ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె వంగి, ఆ గీత మీద తన వేలు పెట్టి చూసింది.

"తెలీదత్తయ్యా" అంది.